ఫోను వెనక

చిలోయె ముసురుకి మొదలూ లేదు, తుదీ లేదు.
ఎండ కాసిన రోజుల్నే ఇక్కడ
పేరు పెట్టి గుర్తుంచుకుంటాం.
బుధవారం పదకొండింటికి
కోళ్లగూడు దాటి గట్టెక్కితే తప్ప సిగ్నలు దొరకదు.
బంగాళాదుంపల బస్తా మీద తమ్ముడు,
ఒక చేత గొడుగు, ఒక చేత ఫోనుతో నేను.

వాడు రోసామెల్. పద్నాలుగేళ్లు.
ఉన్నిటోపీ కింద ఇప్పుడిప్పుడే నూగుమీసం.
ఇంజను మోత విని ఏ పడవ ఎవరిదో చెప్పేస్తాడు.
ఏ బూటు ఏ కాలిదో మాత్రం
రోజూ కొత్తగా కనుక్కుంటాడు.

అవతల పుయెర్తో మోంత్‌లో ఎదీతా టీచరు.
ఆమె దగ్గరికి వెళ్లాలంటే ఫెర్రీ, బస్సు, మళ్లీ ఫెర్రీ, మళ్లీ బస్సు,
ఆల్చిప్పల ఫ్యాక్టరీలో అమ్మకి రెండ్రోజుల కూలి.
అందుకే ఆమె ఇలా అరచేతి మందాన వస్తుంది.

బూటుతాడు ముడి. ఏడో వారం.
ఒక మడత. దాని చుట్టూ ఒక చుట్టు.
సందులోంచి లాగు.
ఆమె కుడి చెయ్యి ఎత్తితే వీడు ఎడమది ఎత్తుతాడు.
తాడు చిక్కుపడుతుంది,
వాడి పెదవి వణుకుతుంది.

"తప్పు నాదే నాయనా" అంది ఎదీతా.
కుర్చీ తిప్పుకుని మాకు వీపు పెట్టింది.
భుజం మీదుగా కెమెరా.
"ఇప్పుడు నా చేతులు నీ చేతుల వైపే ఉన్నాయి, చూడు."
నెరిసిన జడ, దానికో పిన్ను,
స్వెట్టరు మెడ దగ్గర బయటికొచ్చిన చీటీ.

రోసామెల్ చూడలేదు.
"కోపమొచ్చిందా?" అన్నాడు మెల్లగా.
లేచాడు. ఒక బూటు ఈడ్చుకుంటూ
ఆమె ముఖం వెతుక్కుంటూ
ఫోను వెనక్కి వచ్చాడు.

అక్కడ నేనున్నాను.
కారుతున్న ముక్కు, నిద్రలేని కళ్లు,
ఏడు వారాలుగా తెర మీద ఎక్కడా లేని మనిషిని.
మోత పోల్చుకోలేని పడవని చూసినట్టు చూసి
"నోల్ఫా! నువ్వెప్పుడొచ్చావు?" అన్నాడు.

ఏం చెప్పను.
నా వానకోటు తాళ్లు వదులుగా వేలాడుతున్నాయి.
వాటిని పట్టుకున్నాడు.
మడత. చుట్టు.
జారిపోయింది.
నాలుక పంటి కింద నొక్కిపెట్టి మళ్లీ మడత, మళ్లీ చుట్టు,
లాగాడు.
ముడి అనలేం దాన్ని. చిక్కు అనీ అనలేం.
కాని నిలిచింది.

గొడుగు ఎప్పుడు పడిపోయిందో.
నా చేతిలోంచి, ఆకాశం వైపు తిరిగిన ఫోనులోంచి
"రోసామెల్? ఎక్కడున్నావమ్మా?
నాకు మబ్బులే కనిపిస్తున్నాయి."

ఆ రాత్రి కోటుని తల మీదుగా లాగి తీశాను,
ముడి విప్పకుండా.

తరువాతి బుధవారానికి వాడు అంతా మరిచిపోయాడు.
మళ్లీ మొదటి మడత నుంచే.
కాకపోతే, కూర్చోబోయే ముందు
ఫోను వెనక్కొచ్చి
ఓసారి చూసి వెళ్లాడు.