నొప్పి పద్దు

ప్రతి మంగళవారం
కొట్టు తెరవకముందే వచ్చి
మెట్టు మీద నిలబడి ఉంటుంది బొగుమీవ.
కూచుంటే మళ్ళీ లేవాలి కదా.

వూచ్ నగరంలో, నూలుమిల్లుల వీధి చివర
మా మూలికల కొట్టు.
మిల్లులన్నీ ఇప్పుడు హోటళ్ళు, సినిమా హాళ్ళు.
ముప్పయ్యొక్క ఏళ్ళు ఎనిమిది మగ్గాల మధ్య తిరిగిన
ఆవిడ మోకాళ్ళని మాత్రం
ఎవరూ కొని రంగులేయలేదు.

మొదటిసారి వచ్చినప్పుడు అడిగింది:
"ఇది పనిచేస్తుందా?"
"కొందరికి" అన్నాను.
"ఆ కొందరు ఏ మిల్లులో చేశారో?"
దానికి జవాబు ఏ సీసా మీదా లేదు.

విల్లో బెరడు పట్టుకెళ్ళింది.
చేదుగా ఉంది కనక మందే అని నమ్మింది.
చేపనూనె గుళికలు.
ఎక్కడో ఎడారి ఇసుకలోంచి తవ్విన దుంప,
పేరు దెయ్యపు గోరు.
"నాకు పట్టిన దెయ్యానికి గోళ్ళు తక్కువేం కాలేదు" అంటూనే
అదీ సంచీలో వేసుకుంది.

ఆ తరవాత పసుపు.
ఎవరి వంటింట్లోనో చిటికెలతో కొలిచేది
మా అరలోకి వచ్చేసరికి
మిరియంతో జతకట్టి, గుళికలో దూరి
అరవైకి యాభై తొమ్మిది జ్లోటీలు.
ఆవిడ పెన్షనెంతో నాకు తెలుసు.
చిల్లర లెక్కపెడుతున్న వేళ్ళ కణుపుల్ని చూస్తూనే
ధర చెప్పాను.

ఆవిడ దగ్గర ఒక గళ్ళ నోటుబుక్కు ఉంది.
ఒకప్పుడు తెగిన దారాలు రాసుకునేదట అలాంటి దాంట్లోనే.
ఎడమవైపు ఆ రోజు మింగింది,
కుడివైపు సున్నా నుంచి పది దాకా నొప్పి.
పది ఎప్పుడూ వేయలేదు.
"వేసేస్తే, ఆ పైన వచ్చేదాన్ని ఎక్కడ రాయను?"

ఒకరోజు కౌంటర్ మీద తెరిచి పెట్టింది.
ఆరు. ఆరు. ఐదు. వాన, ఏడు.
ఐదు. చెల్లెలి ఫోను, ఆరు.
మూడు. దీనికింద రెండు గీతలు.
ఆ రోజు ఏం చేశారని అడిగాను.
"అదే గుర్తులేదమ్మా.
నొప్పి ఉన్న రోజులే పేరు చెప్పి వెళ్తాయి."

చలికాలం మధ్యలో
మోచేతి కింద నీలి మచ్చలు.
"రక్తం పలచన చేసే మాత్ర ఏమైనా వేసుకుంటున్నారా?"
"గుండె డాక్టరు ఇచ్చింది. అది మందు, ఇది పసుపు."
"ఆ రెంటినీ పడుగూ పేకా చేయకూడదు, బొగుమీవా.
ఈ సీసాలన్నీ ఆవిడకి చూపించండి. ఇవాళే."

ఆరు నెలల కిందట అడగాల్సిన ప్రశ్న.
అడక్కుండా అమ్మాను.
ఆవిడ తిట్టలేదు.
తిడితే బావుండేది.

మూడు మంగళవారాలు
మెట్టు మీద మంచు మంచులాగే ఉంది.

నాలుగోసారి వచ్చింది.
పసుపు మానేసింది, బెరడు మానేసింది,
గోరు కూడా.
"మరి నొప్పి?"
నోటుబుక్కు నావైపు తిప్పింది.
ఆరు. ఆరు. ఐదు. వాన, ఏడు.
మింగినప్పుడూ అంతే, మానినప్పుడూ అంతే.
ఇద్దరం ఆ అంకెలు చాలాసేపు చూశాం.
డబ్బు వాపసు అడుగుతుందేమో అని
సిగ్గులేకుండా భయపడ్డాను.

"ఏప్రిల్లో" అంది పుస్తకం మూస్తూ,
"రైలుపట్టాల పక్కన దురదగొండి లేస్తుంది.
మా అమ్మమ్మ దాంతో మోకాళ్ళ మీద కొట్టుకునేది.
డాక్టర్ని అడిగాను. నవ్వింది, కానీ వద్దనలేదు.
నువ్వూ రా. వంగి కోయలేను."

ముల్లుని ముల్లుతోనే తీయాలంటారు.
తీయడం సంగతి తెలీదు గానీ,
కొత్త మంట రాగానే పాత నొప్పి
కుర్చీ ఖాళీ చేసి
కాసేపు వసారాలో నిలబడుతుందట.

ఆదివారం, పట్టాల పక్క,
నేను చేతితొడుగులేసుకుని కోశాను.
ఆవిడ స్కర్టు మోకాళ్ళ పైకి లాక్కుని
పళ్ళు బిగించి, ఒకటి, రెండు, మూడు.
చర్మం మీద ఎర్రగా దద్దుర్లు.
కళ్ళల్లో నీళ్ళు, నోట్లో బూతు,
తరవాత పెద్ద నవ్వు.

తొడుగుకీ చొక్కాకీ మధ్య
నా మణికట్టు మీద ఒక ఆకు తగిలింది.
"అబ్బా" అన్నాను.

బొగుమీవ సంచీలోంచి పుస్తకం తీసి
పెన్సిలు నాలుకకి తడిపింది.
"నీకెంత?"
"రెండు."
రాసుకుంది.