గోడకి అంటని పేడ

మొక్కజొన్న తిన్న దున్నదూడ పేడ
గోడకి అంటదు.
కొట్టి చూశా, మూడుసార్లు.
జారి కిందపడి
పగిలిన గింజలు పైకి తేలితే
మా కోడిపెట్ట వచ్చి ఏరుకుంది.
దీని కడుపులోకి పోయింది దీనిది కాదయ్యా,
కోడిది, అన్నా మా ఆయనతో.

ఏసోబు నవ్వలేదు.
కొల్లిపర దిగువన లంకలోకి
పన్నెండు దూడల్ని తోలుకుపోయిన మనిషి.
మగది పుట్టిందని పాలవాళ్లు మొహం తిప్పుకుంటే
మూడొందలకో, ఒక్కోసారి ఊరికేనో తెచ్చి
డబ్బా పాలు పట్టి నిలబెట్టిన మనిషి.
గరికా తుంగా ఊదా,
ఏ గడ్డి ఏ నెలలో తియ్యగుంటదో
దూడ కన్నా ముందు తను నమిలి చూసేవాడు.

రెండేళ్లు పట్టేది.
రెండేళ్లకి కొమ్ము వంపు తిరిగాక
గుంటూరు నుంచి మౌలాలి వచ్చి
తొడ మీద చరిచి
"లంక మేతేనా?" అని అడిగి
నా మాట నమ్మేవాడు.

మా తోటికోడలి తమ్ముడు బాలస్వామి
ఏటుకూరు రోడ్డులో రేకుల షెడ్డు వేశాడు.
నలభై దూడలు, నలభై పలుపులు,
నడిచే పని లేదు.
మొక్కజొన్న నూక, తవుడు, పత్తిచెక్క,
గుప్పెడు ఉప్పు.
నాలుగున్నర నెలలు.
"రోజుకి ముప్పావు కిలో పెరుగుద్దక్కా,
నీ లంకలో గాలి తిని ఎంత పెరుగుద్ది?"

లెక్క తప్పు కాదు.
లంకా మునుపటి లంక కాదు.
సగం ఇసుక లారీలు మోసుకుపోయినయ్,
మిగతా సగాన్ని వరద నాకేసింది.
గట్టు మీద మేపుదామంటే
పక్కనే మిరప తోట.
మందు కొట్టిన రెండోరోజు
చుక్కబొట్టు దూడ నురగ కక్కి
నా ఒళ్లో కాళ్లు తన్నుకుంది.
గడ్డంటే అమృతమని
ఇంకోసారి ఎవరన్నా అంటే
ఆ దూడ కళ్లు గుర్తుచేస్తా.

అందుకే తెచ్చాం
వడ్డీకి, పన్నెండు బస్తాలు.
మూడింటిని లంకకి తోలకుండా
ఇంటి వెనక కట్టేశాం.
మొదటి వారం తొట్టి నాకి నాకి మెరిపించినయ్.
రెండో వారం ఒకటి
కడుపు ఉబ్బి, పళ్లు కొరుకుతూ నిలబడింది.
పొట్టలో పులిసిందమ్మా, ఎండుగడ్డి పెట్టు,
అన్నాడు పశువుల డాక్టరు.
గడ్డే మందైంది.
ఆ మాటకి ఎనభై తీసుకున్నాడు.

మౌలాలి ఒకసారి చెప్పాడు,
షెడ్డు పశువుని కోస్తే
కండ మెత్తగుంటది, తూకం తూగుద్ది,
కాకపోతే కార్జం మీద చీముగడ్డలు, పారేస్తా.
లంకది గట్టి కండ,
కుక్కర్లో నాలుగు కూతలు ఎక్కువ.
వచ్చేవాళ్లు మెత్తందే అడుగుతారు.
కార్జం ఎట్టుందని
ఎవరడుగుతారు?

నాకు తెలిసింది ఇంకోటుంది,
రాత్రిపూట తెలిసేది.
కరెంటు పోయిన చీకట్లో
లంకకి పోయొచ్చిన ఎనిమిదీ
దవడ అటూ ఇటూ తిప్పుకుంటా
పగలంతా తిరిగిన రేవుని
మళ్లీ నోట్లోకి తెచ్చుకుంటాయి.
కట్టేసిన మూడూ
కాసేపు నమిలి ఊరుకుంటాయి.
నెమరేసుకోటానికి వాటికి
ఏం జరిగింది గనక, తొట్టి తప్ప?

ఈ మాటంటే ఏసోబు కసిరాడు.
"చాల్లే. రెండిటినీ ఎక్కించేది ఒకటే బండి."
నిజమే.
ఎందుకు పెంచుతున్నానో నాకు తెలీదా?
ఆదివారం మా ఇంట్లో కూరేందో తెలీదా?
చచ్చేదాని బతుకు గురించి
మాట్లాడేది నేనొక్కదాన్నే అయితే
నా పిచ్చే అనుకో.

నిన్న బండొచ్చింది.
మొక్కజొన్నవి మూడూ ముందు పోయినయ్.
అసలు తీరింది, వడ్డీ మిగిలింది.
ఏసోబు ఇంకో పన్నెండు బస్తాలకి
మాటిచ్చి వచ్చాడు.
నేను గంప తీసుకుని
ఎనిమిదింటి పేడా ఎత్తి
పరకలు పీచుపీచుగా చేతికి తగులుతుంటే
దక్షిణం గోడకి కొట్టా.
అంటింది.
ఐదు వేళ్లూ పడినయ్.

పక్కన, అప్పటి మూడు మరకలూ
ఇంకా కడగలేదు.