ఊదినవారు తెలియదు

మరీన్యా గ్రాందె మ్యూజియంలో నా పని
గాజును కాచే గాజును తుడవడం.
లోపలి గాజుకి పేరుంది, సంవత్సరముంది,
తలమీద చిన్న దీపముంది.
బయటి గాజుకి నేనున్నాను,
వెనిగర్ నీళ్ళూ, నిన్నటి పేపరూ.

మంగళవారం బడిపిల్లలొస్తారు.
ఇసుకే కరిగి ఇలా అయిందంటే నమ్మరు.
"సముద్రం దగ్గర నా చెప్పుల్లో దూరిందే,
అది ఎప్పుడూ కరగలేదే" అంది
ముందుపళ్ళు ఊడిన పిల్లొకతె.
గైడు గొంతు సవరించుకుని
కొలిములు తిన్న పైన్ చెట్ల లెక్క మొదలెట్టాడు.

మూడో అరలో లేతాకుపచ్చ సీసా.
మెడ కాస్త వంకర.
"ఊదినవారు తెలియదు" అని కార్డు.
మా ఇంట్లో తెలుసు.
మా తాత బెల్మీరు,
తొమ్మిదేళ్ళకే కొలిమి ముందు నిలబడ్డవాడు.
ఆ పూట దగ్గు తెర వచ్చింది,
గొట్టం నోట్లోంచి తియ్యలేదు.
ఆ దగ్గే ఈ వంకర.
ఆఫీసులో చెప్పాను.
కాగితమేదైనా ఉందా అన్నారు.
దగ్గుకి రసీదు ఎక్కణ్ణుంచి తేను?

పళ్ళూడిన పిల్ల ఆ అర దగ్గరే ఆగిపోయింది,
ముక్కు చప్పిడయ్యేలా ఆనించి.
దాని ఊపిరికి
అద్దం మీద తెల్లటి మచ్చ పూసింది.
సీసా లోపల ఆయనది,
అద్దం బయట దీనిది,
నడుమ జానెడు దూరం,
ఎనభయ్యేళ్ళు.

టీచరు నా వైపు చూసింది, నొచ్చుకుంటూ.
గుడ్డ చేతిలోనే ఉంది.
కదల్లేదు నేను.
మచ్చ తనంతట తనే
అంచుల్నించి లోపలికి ముడుచుకుంటూ
పోయింది.

ముక్కు జిడ్డు మాత్రం మిగిలింది.
దాని సంగతి రేపు చూద్దాం.