చెయ్యెత్తినోడెవరు

వకీలు అడిగినాడు:
"ఆపమన్నోడు పోలీసా?"
"కాదు సార్."
"ఒంటి మీద ఖాకీ ఉందా?"
"నల్ల కంబళి ఉండె సార్."
కోర్టులో నవ్వినారు.
నేను గూడా రవ్వంత నవ్వితి, తప్పయింది,
జడ్జమ్మ కళ్లద్దాల పైనించి చూసింది.

జరిగింది ఇంతే.
కళ్యాణదుర్గం నుంచి అనంతపురానికి తొలి సర్వీసు.
సీట్లలో చెనిక్కాయ మూటలు కూచున్నాయి,
మనుషులు నిలబడినారు.
మలుపులో కురుబ బీరలింగప్ప చెయ్యెత్తినాడు.
పూర్తిగా గూడా ఎత్తలేదు, మోచెయ్యి దాకానే,
ఇంట్లో పిల్లోన్ని "ఉండప్పీ" అన్నట్టు.
నా కాలు బ్రేకు మీదికి పోయింది.
నేను పంపలేదు, అదే పోయింది.

ఎనకొస్తాండే గ్రానైటు టిప్పరుకు ఆ చెయ్యి కనపడలేదు.
బస్సు ఎనక అద్దం పగిలింది,
ఒక ముసలామెకు ముందుపన్ను ఊడింది.
ఆమె ఆ పన్ను కొంగున ముడేసుకొని సాక్ష్యానికొచ్చింది.

టిప్పరోళ్ల వకీలు మాట:
రోడ్డు మీద బండి ఆపించే చెయ్యి పోలీసుది,
లేదంటే ఎర్రదీపం.
గొర్లోని చేతికి ఏ చట్టముంది?
దానికి లొంగినోడు నిర్లక్ష్యపు డ్రైవరు.

నిర్లక్ష్యం.
బోను కట్టె మీదుండే నా చేతులు చూసుకుంటి,
ఇరవై ఆరేండ్ల స్టీరింగు గీతలు.
ఎవరెవరికి ఆపితినో లెక్కేస్తి.

క్లాక్ టవరు కాడ హోంగార్డు ఓబుళపతికి.
దినకూలి మనిషి, ఈల తన దుడ్డుతో కొనుక్కున్నాడు.
కరెంటు పోయిన పూట సర్కిల్లో
తుండుగుడ్డ ఊపే సోడాబండి పిల్లోనికి.
గూగూడులో నిప్పులు తొక్కి
ఇంకా కాళ్లు కాల్తాంటే రోడ్డు దాటేటోళ్లకు.
చంకన బిడ్డ, నెత్తిన గడ్డిమోపు,
చెయ్యి ఖాళీ లేక గడ్డంతో ఆగమన్న ఆడమనిషికి.
పెద్దోళ్ల కాన్వాయిలకు గూడా ఆపితి,
ఆ లెక్క వేరే, అది భయం.
ఒక్కసారి ఎవరూ ఎత్తకనే ఆపితి.
మా మాబాషా సైకిలు పడిన తావది.
ప్యాసింజర్లకు చెప్పలేదు, ఇంజను వేడెక్కిందంటి.

మా తరపు వకీలు పిల్లది, వన్నూరమ్మ, ఇది రెండో కేసు ఆమెకు.
రాత్రంతా చదివినట్టుంది, కండ్లు ఎర్రగుండె.
మోటారు బండ్ల చట్టం తెరిచి
ఇంగ్లీషులో ఒకసారి, మాకోసం తెలుగులో ఒకసారి:
జీవం బెదిరి చెయ్యి దాటుతుందని
దాన్ని తోలేటోనికి అనిపించి
ఆపమంటే, బండి ఆపల్ల.
యూనిఫారం మాట ఆ వాక్యంలో ల్యా.
"అనిపిస్తే చాలు మేడమ్," అనింది.

తల మీద ఫ్యాను చప్పుడొకటే.
ఎక్కడో ఢిల్లీలో, ఎవరో, ఎప్పుడో
గొర్రె గుండెదడను గూడా లెక్కలోకి తీసుకొని రాసిపెట్టినారు.
ఇన్నేండ్లు లైసెన్సు జేబులో పెట్టుకొని తిరిగితి, నాకు తెలీదు.
బీరలింగప్పకూ తెలీదు.
ఆయప్ప కోర్టుకు రాలేదు. సమను ఊరికి పోయేపాటికి
మంద మేతకని బళ్లారి దిక్కు పోయింది.
సమను ఇంటి తలుపుకు అంటించి వచ్చినారంట.

వాయిదా పడింది. పడతానే ఉంది.
పన్ను ముడేసుకున్న ముసలామె
ప్రతి వాయిదాకూ నా బస్సులోనే వస్తాది,
ముందు సీటు అడుగుతాది.

మొన్న అదే మలుపు.
ఆయప్ప కాదు, మనవరాలు, పదేండ్లుంటాయేమో,
చేతిలో తనకన్నా పొడుగు కట్టె.
చెయ్యెత్తలేదు. ఊరికే నా దిక్కు చూసింది.
ఆపితి.
"టైమైతాంది ఉసేనప్పా" అన్యాడు కండక్టరు.
జీవాలు దాటినాయి, దాటినాయి, తెగలేదు.
కడాకు ఒక కుంటిపిల్ల నడిరోడ్డులో నిలబడి
బస్సు నంబరు పలక వాసన చూసింది.
హారను మీదుండే చెయ్యి తీసి
తొడ మీద పెట్టుకుంటి.