ఎనిమిది మార్కులు

తప్పు నాది కాదు, నా గొర్రెది.
అయినా కంచె నాది.
ఆ కంచెలో కన్నం సంగతి
నిరుటి నుంచీ నాకు తెలుసు.

డోవీ లోయలో అక్టోబరు సాయంత్రమంటే
వాన పడుతోందో ఆగిందో చెప్పలేని వేళ.
టెగ్వెన్ ప్రొథెరో తన ఎర్ర బండిలో మలుపు తిరిగింది.
గొర్రె బతికింది.
రాతిగోడ రెండు వరసలు దిగింది.
బండి మాత్రం
చావు తప్పి కన్ను లొట్టపోయి
మిగిలిన ఒక్క హెడ్‌లైటుతో
నా పొలంలోకి చూస్తూ నిలబడింది.

నుదుటి నెత్తురు తుడుచుకుంటూ ఆమె అడిగిన మొదటి మాట:
"గొర్రెకేం కాలేదు కదా?"
తిట్టి ఉంటే
చెక్కు రాసిచ్చి ఊరుకునేవాణ్ణి.

కట్టుకున్నవాడి గురించి ఆమె ఎప్పుడూ చెప్పలేదు,
ఉన్నాడో లేడో కూడా.
కట్టుకున్న బండి గురించి ఎంతైనా చెబుతుంది.
పగలు బళ్లో లెక్కలు చెప్పి
రాత్రిళ్లు పాత ఫోర్డ్ సియెరాని విప్పి
దాని ఇంజనూ గేర్లూ ఇరుసులూ
పెట్టెల్లో వచ్చిన గొట్టాల చట్రానికి బిగించి
పైన ఫైబర్ చొక్కా తొడిగింది,
ముప్ఫై ఏళ్ల కిందట.

బీమా మనిషి ఫొటోలు తీసుకుని
తుక్కు అన్నాడు.
ఆ తుక్కుని ఆమే మళ్లీ కొనుక్కుంది.
తన చేత్తో చేసినదాన్ని
రెండోసారి డబ్బిచ్చి తెచ్చుకున్న మనిషిని
నేనెక్కడా చూళ్లేదు.

నా కొట్టంలో పెట్టాం.
"గొర్రెలు ఈనేలోపు ఖాళీ చెయ్యాలి" అన్నాను.
ఆమె పశువుల మందు కేలండరు వెనక
ఎర్ర పెన్నుతో రాసింది:
చట్రానికి అయిదు మార్కులు.
ఇరుసులకి రెండు, స్టీరింగుకి రెండు,
గేర్లకి రెండు, సస్పెన్షన్‌కి రెండు.
ఇంజనుకి ఒకటి.

"గుండెకాయకి ఒకటేనా?"
"పేరు ఎముకల్లో ఉంటుంది,
ప్రభుత్వం లెక్క అది."

ఎనిమిది వస్తే పాత నంబరు నిలుస్తుంది.
రాకపోతే ముందు క్యూ అక్షరం తగిలిస్తారు,
పుట్టుక తెలియని బళ్లకి పెట్టేది.
"దీని పుట్టుక నాకు తెలుసు" అంది.
"పద్దెనిమిది నెలలు మోశాను."

కొత్త చట్రం తెద్దామంటే
చేసినవాళ్లు కొట్టు కట్టేసి ఇరవయ్యేళ్లు.
వేరే తీరున కడదామంటే అయిదూ పోతాయి.
బాగుచెయ్యడం వేరు, మార్చడం వేరు.
ఆ రెంటి మధ్య గీత
నా వెల్డింగ్ అతుకంత సన్నం.

నేను గేట్లు అతికేవాణ్ణి.
వంకరగా ఉన్నా గొర్రెలు అడగవు.
ఇక్కడ ఆమె కొట్టం నేల మీద
సుద్దముక్కతో చట్రం బొమ్మంతా గీసి
ఈ మూల నుంచి ఆ మూలకి టేపు పట్టించేది.
రెండు కర్ణాలూ సమానం కావాలి.
పదకొండు మిల్లీమీటర్ల తేడా.
నాలుగు.
మళ్లీ తొమ్మిది, ఆ రోజు నన్ను పలకరించలేదు.

జనవరిలో ఒక రాత్రి
తేడా లేదు.
ఇంకోసారి కొలిచాం, అటువాళ్లం ఇటు మారి.
లేదు.
ఆమె ఫ్లాస్కులోంచి టీ పోసింది,
సగం నా బూటు మీద.

తనిఖీలో ఇఫాన్ అతుకుల మీద టార్చి వేసి చూశాడు,
అంచులన్నీ వేళ్లతో తడిమాడు,
బ్రేకులు రోలర్ల మీద నొక్కాడు.
చివర్న లైటు వేసి
"కొత్త కన్ను కాస్త మెల్ల" అన్నాడు.
ఫెయిల్.
లెక్కల టీచరుకి!
నేను నవ్వు ఆపుకోలేకపోయాను.
ఆమె స్క్రూడ్రైవరు అడిగి తీసుకుని
పావు చుట్టు తిప్పింది.

స్వాన్సీ నుంచి ఉత్తరం మార్చిలో వచ్చింది:
అదే నంబరు, ఏ అక్షరమూ మారలేదు.
కొట్టం ఖాళీ అయింది.
కంచె కన్నం ఎప్పుడో పూడ్చాను, ఎవరికీ చెప్పకుండా.

మొన్న ఆ గొర్రే అక్కడ ఈనింది,
కవలల్ని.
రెండోది లేవబోయి నాలుగుసార్లు పడింది.
ఎండుగడ్డి వేస్తూ చూశాను,
దాని కాళ్ల కింద
ఒక కర్ణం ఇంకా చెరగలేదు.