కట్టకు నాలుగు రూపాయలు

దుగ్గిరాల కాలవ కింద చేలో
మిషను గుడ్లు పెట్టుకుంటూ పోయింది.
ఎకరానికి ముప్పై అయిదు.
గట్టు మీంచి చూస్తే ముద్దుగానే ఉంటాయి.

మంచు దిగిన కట్ట వేరు.
మోకాలితో ఎత్తి, పొట్టకానించి,
నెత్తి దాటించి విసిరితే
మెడ నరమొకటి పేరు పెట్టి పిలుస్తుంది.
పురికొస వేళ్ల కణుపుల్లో దిగుతుంది.
నూగునైతే ఎవరూ పిలవక్కర్లేదు,
చంకలో, చెవిలో, కనురెప్ప లోపల
తనే వచ్చి కూర్చుంటుంది.

లారీ పైన ఏసోబు మామ.
నలభయ్యేళ్లు వాములు తొక్కిన కాళ్లు.
పేర్చిన ప్రతి కట్టనీ అరికాలితో ఓసారి తడతాడు,
పడుకున్న దూడని లేపినట్టు.

నూట నలభయ్యోదాని దగ్గర
"నా తువ్వాలేదిరా?" అన్నాడు.
పొద్దున గట్టు మీద ఆరేసింది,
గాలికి గడ్డి వరసలో పడుంటుంది.

దొరికింది.
మూడో వరస కట్టలో,
ఎర్రంచు నాలుగు వేళ్లంత బయటికి.
లాగితే రాలేదు.
కోస్తే కట్ట విడిపోద్ది,
విడిన కట్టకి డబ్బుల్లేవు.

మామ కాసేపు చూశాడు.
"పోనీరా, వినుకొండలో ఏ గేదో నములుద్ది.
ఆ పూట దానికి ఉప్పు పెట్టక్కర్లా."

మోచేత్తో మొహం తుడుచుకుని
చెయ్యి కిందికి చాచాడు,
తర్వాతిదాని కోసం.