అరవై ఏడు

నిజాంపట్నం మడ అడవి బురద
ఐసుపెట్టెలో, ఆర్టీసీ బస్సులో, రాత్రంతా ప్రయాణం చేసి
అనంతపురంలో దిగింది.
మూత తీస్తే కుళ్ళిన ఆకు, ఉప్పు, పీతల వాసన.
"ఇంత తడి మట్టిని చూసి ఎన్నేండ్లాయెనో" అన్నాడు
అటెండరు రహంతుల్లా, తాకబోయి ఆగి.

చెనిక్కాయ మొదట్లో నల్లబూజు.
మొలిచిన పదోనాటికి
మెడ విరిగినట్టు వాలిపోతుంది మొక్క.
ఎర్రిసామి చేన్లోంచి తెచ్చిన ఆ బూజుని
గాజుపళ్ళెంలో పెంచాను,
చంటిబిడ్డకి పెట్టినట్టు వేళకి తిండి పెట్టి.

బురదలోంచి ఏరిన బాక్టీరియాలు నూట పన్నెండు.
పేర్లు పెట్టలేదు, అంకెలే.
నూట పదకొండు బూజు కింద మునిగిపోయాయి.
అరవై ఏడు మాత్రం
తన చుట్టూ ఒక గీత గీసుకుంది.
నలుపు దాన్ని దాటి రాలేదు.
గోరంత ఖాళీ. పద్నాలుగు మిల్లీమీటర్లు.
స్కేలు పెట్టి మూడుసార్లు కొలిచాను.
గదంతా తొలకరి వాసన.
కిటికీ బయట ఆగస్టు, ఒక్క మబ్బూ లేదు.

తర్వాత ఎర్రిసామి చేని మట్టిని కుండీల్లో పోసి
దాన్ని కలిపాను.
పలకలేదు.
బతికే ఉంది, పని మానేసింది.
మొక్కలు వరసగా మెడలు వాల్చాయి.
నాకు అర్థం కావడానికి రెండు నెలలు పట్టింది:
దానికి ఉప్పు కావాలి.
ఉప్పు లేనిచోట
దానికి ఎవరితోనూ తగాదా లేదు.

చెప్తే ఎర్రిసామి నవ్వలేదు.
బీడీ ఆర్పి చెవి వెనక పెట్టుకుని
"ఉప్పే గదమ్మా. రా" అన్నాడు.

వంక అవతల అరెకరా చౌడు.
తెల్లగా పెచ్చుకట్టిన నేల,
అడుగేస్తే అప్పడంలా విరుగుతోంది.
"మా జేజినాయన కాలం నుంచి గింజ మొలవలే.
పంపకాల్లో ఎవురూ వద్దంటే నా పాలికొచ్చె.
శిస్తు మాత్రం కట్టినాం."

స్పిరిట్‌తో తుడిచిన చెంచాతో జానెడు లోతు తవ్వాను.
పెచ్చు కింద మట్టి కొంచెం చల్లగా ఉంది.
"దీంట్లో ఉంటాదంటావా?"
తెలీదన్నాను.
"ఉంటే దానికి నా పేరు పెట్టొద్దు.
అంకె వెయ్.
అప్పులోళ్ళు అంకెని ఎతుక్కోని రారు."

నిన్న పళ్ళేలు పోశాను.
మూడోరోజు దాకా తెరవకూడదు.
రహంతుల్లా గంటకోసారి వచ్చి
ఇంక్యుబేటరు అద్దానికి ముక్కు ఆనించి చూసి
ఏమీ చెప్పకుండా పోతున్నాడు.